విదేశీ భాషల అరలకి నాలుగు లక్షలు: మార్చి 31 లోపు ఏం కొనాలి?

పెన్నా ఒడ్డు (ప్రశ్న, ఫిబ్రవరి 2):

నమస్కారమండీ. గూడూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ని. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, చెప్తే రేపు పదింటికల్లా చాంబర్‌లోకి పిలుపొస్తది.

ఈ ఏడాది మా దగ్గర సాయంత్రం పూట జర్మన్, జపనీస్, ఫ్రెంచ్ సర్టిఫికెట్ కోర్సులు పెట్టారు. జర్మన్‌లో నలభై రెండు మంది, సగానికి పైగా నర్సింగ్ పిల్లలు. జపనీస్‌లో ఇరవై ఎనిమిది మంది. శ్రీసిటీలో జపాన్ కంపెనీలున్నాయి కదా, ఆ ఆశ. ఫ్రెంచ్‌లో పదకొండు మందే. వీళ్ల కోసం లైబ్రరీలో ‘విదేశీ భాషలు, సాహిత్యాల విభాగం’ పెట్టమని నాలుగు లక్షలు శాంక్షన్ చేశారు. ఆ మాట దసరాకి చెప్పుంటే బాగుండేది, సంక్రాంతి అయిపోయాక చెప్పారు. బిల్లులు మార్చి 31 లోపు పాసవ్వాలి, లేకపోతే డబ్బు ల్యాప్సయిపోద్ది. ఇండెంట్, అంటే కొనాల్సిన పుస్తకాల లిస్టు, వెయ్యాల్సింది నేను. నాకా, తెలుగు, ఇంగ్లిష్ తప్ప ఇంకో ముక్క రాదు. హిందీ కూడా రైలు టికెట్టు అడిగే వరకే.

ఒక వెండర్ అడక్కుండానే 612 టైటిల్స్ లిస్టు పంపాడు. తెరవంగానే ఒక జర్మన్ మహాకవి సమగ్ర రచనలు, పద్నాలుగు సంపుటాలు, అరవై ఒక్క వేలు. దానికింద ఫ్రెంచ్ తత్వవేత్తలు వరసగా. జపనీస్‌కి మొత్తమ్మీద తొమ్మిదే ఉన్నాయి. అందులో మూడు వంటల పుస్తకాలు, ఒకటి కూజాలో పూలు అమర్చడం మీద. మా పెద్దాయన్ని అడిగితే ఒకటే మాట: “టైటిల్స్ కౌంట్ కనపడాలమ్మా, తనిఖీకొచ్చినోళ్లు లెక్కే చూస్తారు.”

ఇంకో సంగతి. ఇప్పటికే మాకు ‘విదేశీ సాహిత్యం’ అని రెండు ఇనప బీరువాలున్నాయి. ఎవరో రిటైరయిన మేష్టారు ఇచ్చిపోయిన సోవియట్ పుస్తకాలు. కొన్ని తెలుగువి, కొన్ని ఇంగ్లిష్‌వి, ఓ యాభై దాకా రష్యన్‌వి. తలుపు తీస్తే నాఫ్తలీన్ వాసన తలకెక్కుద్ది. వాటిని తీసేసి కొత్తవాటికి చోటు చెయ్యమంటున్నారు.

పాఠ్యపుస్తకాలు ఎన్ని, సాహిత్యం ఎంత? తెలుగు అనువాదాలు కూడా ఈ విభాగంలోకే వస్తాయా? జపనీస్ లిపిలో ఉన్న పుస్తకాన్ని కేటలాగులోకి ఎట్టా ఎక్కిస్తారు? ఆ రష్యన్ బీరువాల్ని ఏం చెయ్యమంటారు? ఇంతకు ముందు చేసినోళ్లు ఎవరన్నా చెప్పండి, పుణ్యముంటది.

డౌన్‌లోడ్ బాబు:

అక్కా, ఈ కాలంలో పుస్తకాలెందుకు కొంటారు? 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది కదా, పదమూడు వేల జర్నల్స్ ఫ్రీ. జపనీస్ సాహిత్యం కావాలంటే అఓజోరా బుంకో అనే సైట్‌లో కాపీరైట్ తీరిపోయినవి చాలా పెట్టుంటారు. ఫ్రెంచ్‌కి వాళ్ల జాతీయ గ్రంథాలయం నడిపే గాలికా ఉంది. ఆ నాలుగు లక్షలకి ట్యాబులు కొనేసి లింకులు పెట్టేయండి. అయిపోయె.

కందుకూరు కార్డుబీరువా:

ముందు ఆ బాబుకి ఒక మాట. అయ్యా, నువ్వు చెప్పిన ఆ పథకంలో వచ్చేవి పరిశోధన జర్నల్స్. ‘నా పేరు ఫలానా, మాది నెల్లూరు’ అని జర్మన్‌లో చెప్పడం నేర్చుకునే పిల్లకి ఆ పదమూడు వేల జర్నల్స్‌తో పనేముంది? అఓజోరా మంచిదే, గాలికా మంచిదే, కాదన్ను. కానీ వాటిల్లో ఉచితంగా దొరికేది చాలామటుకు పాతది. పాతదంతా పాత భాష. జపనీస్ వాడుకకని వాళ్ల ప్రభుత్వం ఖాయం చేసిన కంజీలే, అంటే చైనా నుంచొచ్చిన బొమ్మలాంటి అక్షరాలే, 2,136. నాలుగు నెలల క్లాసు విన్న పిల్లోడికి అందులో వంద వస్తే గొప్ప. వాణ్ని తీసకపోయి వందేళ్ల కిందటి కథ ముందు కూర్చోబెడితే ఇంక జన్మలో లైబ్రరీ మెట్లెక్కడు.

ఇప్పుడు నీకు చెప్తానమ్మా. ముప్పై నాలుగేళ్లు కాలేజీ లైబ్రరీల్లో చేసి 2018లో దిగిపోయినోణ్ని. మాది కందుకూరు పక్కన పల్లె. నేను పుట్టినప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయింది, దానికే తర్వాత ప్రకాశం అని పేరుపెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇల్లు మాత్రం కదల్లేదు. పుస్తకాల సంగతీ అంతే. నంబరు మార్చి ఈ ర్యాక్‌లోంచి ఆ ర్యాక్‌లోకి జరిపినంత మాత్రాన చదివేవాడు పుట్టుకొస్తాడా?

నేను చేసిన తప్పు చెప్తా విను. 1993లో ఒక కాలేజీలో ఫ్రెంచ్ ఆప్షనల్ పెడతారని గ్రాంటొచ్చింది. వెండర్ లిస్టు చూసి ఇరవై రెండు సంపుటాల ఫ్రెంచ్ సెట్టు కొన్నా. మెరూన్ రంగు అట్ట, అంచులకి బంగారు పూత. గాజు బీరువాలో పెడితే ప్రిన్సిపాల్ గారు వచ్చినోళ్లందరికీ చూపించేవారు. ఆప్షనల్ రెండేళ్లకే ఎత్తేశారు. నేను ఆ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫరయ్యేనాటికి ఇరవై రెండు డేట్ స్లిప్పులూ తెల్లగానే ఉన్నాయి. ఒక్క ఏడో సంపుటం మాత్రం బయటికి పోయొచ్చింది. కెమిస్ట్రీ ల్యాబ్ వాళ్లు ఏదో చార్టు అతికించి, ఆరేదాకా మీద బరువు పెట్టుకోను పట్టుకుపోయారు.

అందుకని నీ పద్నాలుగు సంపుటాల మహాకవిని కొట్టెయ్, ముందు ఆ పని చెయ్.

తర్వాత కౌంటర్ దగ్గర నిలబడి చూడు. వచ్చేదెవరు? సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లు. వాళ్లకి ఏ1, ఏ2, అంటే భాష నేర్చుకోడంలో మొదటి రెండు మెట్ల పాఠ్యపుస్తకాలు ఒక్కోటి ఐదారు కాపీలు కావాలి, వాటి వర్క్‌బుక్కులతో సహా. ఆ పై మెట్టు బీ1 రెండు కాపీలు చాలు ఈ ఏడాదికి. జర్మనీలో అచ్చయిన కాపీ తెప్పిస్తే రెండు వేలు దాటుద్ది, పైగా 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేశారు. అదే పుస్తకం ఢిల్లీవాళ్లు వేసే ఇండియన్ రీప్రింటయితే ఆరేడు వందలకి దొరుకుద్ది. వెండర్ నోరెత్తి చెప్పడు, నువ్వే అడగాల.

జపనీస్ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. ఎక్కువ మంది వాడే పాఠ్యపుస్తకం ప్రధాన భాగం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా జపనీసే. వ్యాకరణం నోట్సు, మాటల అర్థాలు ఇంగ్లిష్‌లో వేరే పుస్తకంగా వస్తాయి. వెండర్లు మొదటిదొక్కటే పంపి బిల్లు చేస్తారు. ఒంగోల్లో ఒక లైబ్రరీలో ఆరు కాపీలు అట్టాగే పడుండటం నా కళ్లతో చూశా. పాపం ఆ లైబ్రేరియన్ జపనీస్ పుస్తకమంటే ఇంతేగావును అనుకున్నాడు.

సాహిత్యం కొనొద్దని కాదు. సన్న పుస్తకాలు కొను. నేర్చుకునేవాళ్ల కోసం మెట్లు మెట్లుగా రాసిన కథలుంటాయి, నలభై అరవై పేజీలు, ఏ స్థాయో అట్టమీదే వేస్తారు. పిల్లల పుస్తకాలు కొను. జపనీస్ పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో కంజీ నెత్తినో పక్కనో చిన్నక్షరాల్లో ఎట్టా పలకాలో వేస్తారు, అది మన పిల్లలకి ప్రాణం. ఇందులో ఇంకో లాభముంది. ఇవి ఒక్కోటి రెండు మూడు వందలు, మహా అయితే ఐదొందలు. ఒక్క మహాకవి డబ్బుకి నూటపాతిక టైటిల్స్ వస్తాయి. మీ పెద్దాయనకి కావాల్సిన కౌంటూ వస్తది, పిల్లలూ చదువుతారు.

బీరువాకి తాళం మాత్రం వెయ్యకు. పోతే జీతంలో కోస్తారని మనవాళ్లకి భయం. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017ది, అందులో 215వ నియమం చూడు. ఏడాదిలో చదివేవాళ్ల చేతుల్లోకి వెయ్యి పుస్తకాలు పోతే ఐదు తగ్గడం మామూలే అని వాళ్లే ఒప్పుకున్నారు, మోసమో అజాగ్రత్తో లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. రీప్రింటు కొనమనడానికి ఇదింకో కారణం. ఆరొందల పుస్తకం నువ్వు భయం లేకుండా పిల్ల చేతికిస్తావు. రెండున్నర వేలదయితే అద్దంలోంచి చూపిస్తావు.

ఇంక తెలుగు సంగతి. నా లెక్కలో అసలు విషయం ఇదే. ఈ విభాగం తెలుగుతో మొదలవ్వాల. మూలం పక్కన దాని తెలుగు అనువాదం, ఒకే అరలో, భుజం భుజం ఆనుకోని ఉండాల. లైబ్రరీల్లో పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతి ప్రకారం చూసినా అంతే. అనువాదం మూలభాష నంబరుకే పోతుంది. రష్యన్ నవల తెలుగులోకొచ్చినా 891.73, జర్మన్‌ది 833, ఫ్రెంచ్‌ది 843, జపనీస్‌ది 895.63. మనవాళ్లు వాటన్నిటినీ 894.827లో తెలుగు నవలల మధ్య పడేస్తారు. అక్కడ పడితే అది ఇంకో నవల, అంతే. మూలం పక్కన ఉంటే అది నిచ్చెన. ఒక పిల్ల తెలుగులో కథ చదివేసి, కథ తెలిసిన ధైర్యంతో పక్కనున్న జర్మన్ పుస్తకం తెరుస్తది. నాలుగు వాక్యాలు అర్థమైతే ఐదోదానికి నిఘంటువు తీస్తది.

మా ఊరికి దగ్గర్లోనే ఓగూరు. వెన్నెలకంటి సుబ్బారావు గారిది ఆ ప్రాంతమే. 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు, దుబాసీ. ఇంగ్లిష్‌లో ఆయన రాసుకున్న జీవితం 1873లో మద్రాసులో అచ్చయింది. పాఠ్యపుస్తకాల్లేవు, కోర్సుల్లేవు, ఈ ఎర్రనేల నుంచి పోయి అన్ని భాషలు పట్టాడు. అట్టాంటి మనిషి నూటికొకడు ఉంటాడు. మిగతా తొంభై తొమ్మిది మందికి లైబ్రరీ కావాల. బ్రౌను దొర మన భాషలోకి రావడానికి 1852లో నిఘంటువు అచ్చేయించుకున్నాడు. మన పిల్లలు జర్మన్‌లోకి పోవాలంటే ఈరోజుకీ ఇంగ్లిష్ వంతెన మీదుగానే పోవాల. ఇంగ్లిషే సరిగ్గా రాని పిల్ల ఏం చేస్తది చెప్పు?

రష్యన్ బీరువాల జోలికి మాత్రం పోవద్దు. దాని సంగతి రేపు రాస్తా, కళ్లు లాగుతున్నాయి.

కావలి నర్స్:

పైన తాతగారు అడిగిన ఆ పిల్లని నేనే. బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం, జర్మన్ ఏ2 అయిపోయింది. అక్కడ నర్సుగా గుర్తింపుకి బీ2 దాకా అడుగుతారు, ఇంకా చాలా దూరముంది.

మేడం, దయచేసి వర్క్‌బుక్కుల గురించి ఒకటి. నేను లైబ్రరీలో తీసుకున్న వర్క్‌బుక్‌లో ముందు తీసుకున్నోళ్లు అన్ని జవాబులూ పెన్నుతో రాసేశారు. అందులో సగం తప్పులు. నేను వాటినే బట్టీ పట్టి టెస్టులో రాసొచ్చా. కాబట్టి ఒక కాపీ రిఫరెన్సులో పెట్టి, జెరాక్స్‌కి పేజీలు ఇవ్వండి. ఆడియో కూడా. పాత పుస్తకాల వెనకాల సీడీ ఉంటది, మా హాస్టల్లో సీడీ పెట్టే కంప్యూటర్ ఒక్కటి కూడా లేదు. ఫోన్‌లో వినేటట్టు కోడ్ ఉన్న ఎడిషనే కొనండి.

ఇంకోటి చెప్పాలి, నవ్వకండి. జర్మన్‌లో అమ్మాయి అనే మాట నపుంసకలింగం, ‘దాస్ మేడ్షెన్’. ఇంగ్లిష్‌లో ఉన్న మా జర్మన్ గ్రామర్ పుస్తకంలో దాన్నొక పెద్ద వింతలాగా డబ్బా కట్టి వేశారు. నాకేం వింత అనిపించలా. ‘అమ్మాయి వచ్చింది’, ‘గేదె వచ్చింది’, మన క్రియకి రెండూ ఒకటేగా! జర్మన్‌లో ‘వైల్’ అంటే ‘ఎందుకంటే’, అది వాడితే క్రియ ఆ వాక్యం చివరికి పోద్ది, దానికి కూడా ఇంగ్లిష్ పుస్తకం ఆరు పేజీలు కష్టపడింది. మనం పుట్టినకాడ్నించి క్రియ చివర్నే పెడతా ఉండాం. మా జపనీస్ క్లాసు ఫ్రెండు ఇంకా బాగా చెప్తది. జపనీస్‌లో ‘ని’ అంటే మన ‘కి’ అంట, ‘టోక్యో ని’ అంటే టోక్యోకి. మన ‘ని’ వాళ్ల దగ్గర ‘ఓ’ అంట. ఇది తెలిసిన రోజు నుంచి తనకి విభక్తులు తప్పు పోలేదు. ఇట్టాంటివి నోట్‌బుక్‌లో ఎనభై పేజీలు రాసుకుంది. ఇది ఏ పుస్తకంలో ఉంది మేడం, ఉంటే కొనండి.

కోహా కుర్రోడు:

కేటలాగింగ్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను. నేను ఒంగోల్లో ఉంటా, నాలుగైదు కాలేజీల లైబ్రరీలకి కోహా అనే కేటలాగు సాఫ్ట్‌వేర్ పెట్టించా.

జపనీస్ లిపికి భయపడాల్సిందేం లేదు. కోహా ఏ లిపినైనా తీసుకుంటుంది. కేటలాగు రికార్డులో ఒక్కో వివరానికి ఒక్కో నంబరు గడి ఉంటుంది. 245లో రోమన్ అక్షరాల్లో పేరు పెట్టండి, 880లో అసలు లిపిలో పెట్టండి, రెంటికీ ఆరో నంబరు సబ్‌ఫీల్డుతో లంకె. మీరు టైపు చెయ్యక్కర్లేదు, వేరే లైబ్రరీల రికార్డులు తెచ్చుకునే జెడ్39.50 అనే దారిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికితే తయారు రికార్డు దిగిపోతుంది. పిల్లల కథలకి అక్కడ దొరక్కపోవచ్చు, వాటికి మాత్రం జపనీస్ టీచర్ పక్కన కూర్చోవాలి.

జర్మన్, ఫ్రెంచ్ దగ్గర అందరూ పడే గుంట వేరే ఉంది. నేను పోయిన ఒక లైబ్రరీలో జర్మన్ పుస్తకాలన్నీ ఇంగ్లిష్ ‘డి’ అక్షరం కింద వరసకట్టాయి. ఎందుకంటే పేర్ల ముందు ‘దేర్’, ‘దీ’, ‘దాస్’ ఉంటాయి, ఇంగ్లిష్ ‘ద’ లాగా. 245 గడి పక్కన వేసే రెండో అంకెలో, అంటే రెండో ఇండికేటర్‌లో, ఎన్ని అక్షరాలు వదిలెయ్యాలో అంకె వెయ్యాలి, ఖాళీ జాగాతో కలిపి లెక్క. జర్మన్ వాటికి 4, ఫ్రెంచ్ ‘ల’కి 3. సున్నా వదిలేస్తే మీ ర్యాక్ లిస్టంతా ఒకే అక్షరం.

తెలుగు అనువాదాలకి 041 తప్పకుండా నింపండి. మొదటి ఇండికేటర్ 1, ‘ఏ’లో తెలుగు కోడు, ‘హెచ్’లో మూలభాష కోడు. ఇంగ్లిష్ మీదుగా వచ్చిన అనువాదమైతే ‘కే’లో ఇంగ్లిష్ కోడు కూడా వెయ్యాలి. చాలామందికి ఈ ‘కే’ ఉందని తెలియదు. మన తెలుగు అనువాదాల్లో చాలావాటికి ఇది పడుతుంది మరి. రేపెవరన్నా జర్మన్ నుంచి నేరుగా వచ్చినవెన్ని అని అడిగితే ఒక్క రిపోర్టుతో తేలిపోతుంది.

ఫ్రెంచ్, జర్మన్ పుస్తకాల వెన్ను మీద పేరు కింద నుంచి పైకి ఉంటుంది, ఇంగ్లిష్‌ది పై నుంచి కిందకి. కలిపి పెడితే చూసేవాళ్ల మెడ అటొకసారి ఇటొకసారి. దానికి మందు లేదు.

కందుకూరు కార్డుబీరువా:

నర్సమ్మా, నువ్వు అడిగిన పుస్తకం నాకు తెలిసి ఎక్కడా అమ్మరు. నీ ఫ్రెండు నోట్‌బుక్కే అది.

లైబ్రేరియనమ్మా, విన్నావుగా. ఆ ఎనభై పేజీల్ని ఆ అమ్మాయి ఒప్పుకుంటే శుభ్రంగా రాయించి, వాళ్ల టీచర్‌తో తప్పులు దిద్దించి, జెరాక్స్ తీసి, బైండింగ్ చేయించి, యాక్సెషన్ నంబరు వేసి 495.6లో పెట్టు. ఖర్చు రెండొందలు. కొంటేనే కలెక్షన్ అని ఎవరన్నారు? పోయిన బ్యాచి రాసిన నోట్సు వచ్చే బ్యాచికి దొరకటమే మన పని. దీనికి మూడు కొటేషన్లు కూడా అక్కర్లేదు.

రష్యన్ సంగతి రాస్తానన్నాగా. మా చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. నున్నటి కాయితం, రంగు బొమ్మలు, గట్టి అట్ట, చేతిలో చిల్లరుంటే ఒక పుస్తకం. మాస్కోలో తెలుగు అచ్చేసి మన కందుకూరు దాకా పంపినోళ్లని తల్చుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రగతి ప్రచురణాలయం, మీర్, తర్వాత 1982లో రాదుగ. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్లు మాస్కోలో ఉండి తెలుగు చేశారు. 1991లో దేశమే పోయింది, దాంతో అదీ పోయింది. ఆ తెలుగు పుస్తకాలు మళ్లీ ఎవరన్నా వేస్తే వేసినట్టు, లేకపోతే నీ బీరువాలో ఉన్నవే. అందుకని అవి చెత్త కింద లెక్క కాదు. నీ విభాగంలో అన్నిటికన్నా ముందు పెట్టాల్సిన అర అది. నా మాట మీద కొంచెం పాత ప్రేమ ఉంది, ఒప్పుకుంటా. అయినా బీరువా తీసి ఆ యాభై రష్యన్ పుస్తకాలు ఒక్కోటి చూడు. అచ్చుల నెత్తిన చిన్న గీతలుంటే, అవి విదేశీయులకి రష్యన్ నేర్పడానికి వేసిన వాచకాలు. మాట ఎక్కడ నొక్కి పలకాలో ఆ గీత చెప్తది. మామూలు రష్యన్ పుస్తకాల్లో అది వెయ్యరు.

పెన్నా ఒడ్డు (మార్చి 27):

అందరికీ చాలా చాలా థ్యాంక్సండీ. బిల్లులు నిన్న అకౌంట్స్‌కి పోయాయి, అందుకే ఇప్పుడు ఊపిరి పీల్చుకుని రాస్తున్నా.

మహాకవిని కొట్టేశా. వెండర్ ఫోన్ చేసి “మేడం, అట్టాంటి సెట్టు లేకుండా ఫారిన్ సెక్షన్ ఏంది మేడం” అని బాధపడ్డాడు. పాఠ్యపుస్తకాలు రీప్రింట్లే తీసుకున్నా, జపనీస్‌కి నోట్సు పుస్తకం ఉందో లేదో అట్ట తిప్పి చూసి మరీ. సన్న కథల పుస్తకాలు, పిల్లల పుస్తకాలు కలిపి 290 టైటిల్స్ వచ్చాయి. మా పెద్దాయన రిజిస్టర్‌లో అంకె చూసి “బాగుందమ్మా” అన్నారు. లోపలేముందో తెరవలేదు. తెరవకపోతేనే మంచిదిలెండి, ఎలుకపిల్ల కథలు చాలా ఉన్నాయి అందులో.

నోట్‌బుక్ అమ్మాయి ఒప్పుకుంది. పేరు వెయ్యొద్దంటే ‘జపనీస్ మొదటి బ్యాచి’ అని వేశాం. నాలుగు కాపీలు చేయించా, నాలుగూ బయటే ఉన్నాయి. జర్మన్ వాళ్లు మాకెందుకు లేదని అడుగుతున్నారు. రాసుకోండి, నేను బైండింగ్ చేయిస్తా అన్నా.

తెలుగు అనువాదాల్ని మూలాల పక్కకి మార్చా, తెలుగు ర్యాక్‌లో వాటి జాగాలో అట్టముక్క పెట్టి ‘ఫలానా అరలో చూడండి’ అని రాశా. ఇద్దరు రీసెర్చి స్కాలర్లు ఇప్పటికే కోప్పడ్డారు, కనపడట్లేదని. అట్టముక్క ఎవరూ చదవరు.

రష్యన్ బీరువా తీశా. కార్డుబీరువా సార్ చెప్పిన గీతల పుస్తకాలు పదిహేడు దొరికాయి. వాటిని టేబుల్ మీద ఆరబెట్టినప్పుడు మా అటెండర్ వాళ్ల అబ్బాయి వచ్చాడు. రష్యాలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం, సెలవులకొచ్చాడు. పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పినా, ఆస్పత్రి వార్డులోకి పోతే పేషెంట్లు రష్యన్ తప్ప మాట్లాడరంట. ఒక వాచకం తీసి డాక్టర్ దగ్గరికి పోయే పాఠం దొరకబుచ్చుకుని నిలబడే చదివాడు. “గొంతు నొప్పి, ఎన్ని రోజుల్నించి? అన్నీ ఉన్నాయి మేడం, మాటలు కొంచెం పాతవి గానీ” అన్నాడు. వాళ్ల నాన్న కార్డు మీద ఇచ్చా. రెండు వారాలకని ఇస్తే ఇంకా తేలేదు. 215వ నియమం గుర్తు చేసుకుని ఊరుకున్నా.

ఇంక నా తప్పు. జపనీస్ పిల్లల పుస్తకాల్లో కొన్ని మన ఉర్దూ పుస్తకాల్లాగా అటువైపు నుంచి తెరుచుకుంటాయి. నేను సెలవులో ఉన్న రోజు మావాళ్లు ముప్పై ఒక్క పుస్తకాలకి డేట్ స్లిప్పు, పాకెట్టు, ముద్ర అన్నీ తారుమారుగా కొట్టేశారు. చివరనుకుని మొదటి పేజీ మీద పాకెట్టు అంటించారు. రెండిటిలో బొమ్మ మీదే పడింది, కుందేలు మొహం కనపడట్లా. ముద్రల సంగతి సరే, ఆ పాకెట్లు చిరగకుండా ఊడే దారేమన్నా ఉందా సార్?

కందుకూరు కార్డుబీరువా:

దేంతో అంటించారు? మైదా జిగురయితే భయం లేదు. నీళ్లు బాగా పిండేసిన తడిగుడ్డ పాకెట్టు మీద పరిచి ఐదారు నిమిషాలు ఉంచు, కింద పేజీకి తడి దిగకుండా వెనకాల ప్లాస్టిక్ కాయితం పెట్టు. అంచు లేచాక ఎముక పుల్లతోగానీ స్కేలుతోగానీ మెల్లగా తోసుకుంటా పో, గోరు పెట్టొద్దు. ఊడినాక రెండు తెల్ల కాయితాల మధ్య పెట్టి మీద బరువు పెట్టు. మహాకవిని కొనలేదు కాబట్టి ఇటుక వాడాల్సిందే.

ఫెవికాల్ అయితే మాత్రం కుందేలు సంగతి మర్చిపో. అటువైపు ఇంకో పాకెట్టు అంటించి ఊరుకో. ఈసారి మైదా ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యమని చెప్పు, లేకపోతే ఎండాకాలం దాటేసరికి వెండిపురుగు పట్టుద్ది. చేతులు కడుక్కోమను, అది విషం.